తాళాలాయనకి ఇల్లు కావాలి

ఆయన అసలు పేరు ఆ పేటలో ఎవరికీ గుర్తులేదు. తాళాలాయన అంటే మాత్రం పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాను దాకా అందరూ వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు. నడుముకి ఒక ఇనుప రింగు, దానికి ఖాళీ ఇళ్ళ తాళంచెవులు గుత్తులు గుత్తులుగా. మనిషి వీధి మలుపు తిరగకముందే గలగలమని చప్పుడు ముందొచ్చేది. అద్దెకి ఇళ్ళు కుదర్చడం ఆయన వృత్తి. ఇంటికి తగ్గ మనిషినీ, మనిషికి తగ్గ ఇంటినీ వెతికిపెడతానని చెప్పుకునేవాడు. మొదటిది నిజమే. రెండోదాని గురించి మనం మరీ పట్టుబట్టకుండా ఉంటే మంచిది.

ఇల్లుగలవాళ్ళ చాదస్తాలు ఆయనకి కొట్టినపిండి. ఒకావిడ వచ్చినవాళ్ళ మొహం చూడదు, గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూస్తుంది. మడమ ఒకవైపే అరిగితే ఆ మనిషి కోపిష్టి అని ఆవిడ నమ్మకం. ఒకాయన వచ్చినవాళ్ళ చేత కుళాయి తిప్పించి, మళ్ళీ ఎంత గట్టిగా కట్టేస్తారో పక్కనే నిలబడి చూస్తాడు. ఇంకొకాయనకి చుట్టాలు లేనివాళ్ళు కావాలి. "మాకు ముందూ వెనకా ఎవరూ లేరండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న దంపతులకి ఆయన సంబరంగా తాళంచెవి చేతిలో పెట్టడం తాళాలాయన కళ్ళారా చూశాడు.

వాళ్ళందరికీ తాళాలాయన ఒక విద్య నేర్పాడు. "మీ గడపలో నిలబడ్డప్పుడు అందరూ మంచివాళ్ళేనండీ. వాళ్ళ గడపలో ఎలా ఉంటారో చూడాలి" అనేవాడు. అద్దెకి అడిగినవాళ్ళు ఇప్పుడుంటున్న ఇంటికి, చెప్పాపెట్టకుండా, మధ్యాహ్నం పూట ఇల్లుగలాయన్ని తీసుకెళ్ళేవాడు. ఇటువైపు పనుండి వచ్చామండీ, కాస్త మంచినీళ్ళిస్తారా అని గుమ్మంలో నిలబడేవారు. లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చేలోపు చూడాల్సినవన్నీ చూసెయ్యాలి. స్విచ్చుల చుట్టూ గోడ ఎంత నల్లబడింది, వంటగట్టు తుడిచి ఉందా, స్నానాలగది తలుపు కింద చీకిపోయిందా. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఎవరెవరున్నారు. ఎవరైనా మంచం మీదున్నారా, ఎవరైనా లోపల్నించి దగ్గుతున్నారా, వాళ్ళు చెప్పని మనిషి ఎవరైనా తొంగిచూస్తున్నారా. ఈ తనిఖీకి ఆయన పెట్టిన పేరు దాహం. "మొన్నవాళ్ళింట్లో దాహం వేసిందా?" అని ఇల్లుగలవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవారు.

నచ్చకపోతే ఎలా తప్పించుకోవాలో కూడా ఆయనే చెప్పాడు. ఇవ్వనని మొహం మీద అనకూడదు. మా మేనల్లుడికి ఈ ఊరు బదిలీ అయింది, వాడికివ్వాల్సి వచ్చిందనాలి. ఆ లెక్కన బదిలీ అయిన మేనల్లుళ్ళందరూ నిజంగా వచ్చి దిగి ఉంటే ఆ పేటలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

ఇటు అద్దెకొచ్చేవాళ్ళకీ ఆయన సలహాలుండేవి. మనిషి రెండువైపులా మంచివాడు. "ఎంతమంది అనడిగితే ఒకరిని తగ్గించి చెప్పండి. ముగ్గురుంటే ఇద్దరనండి. ముందు దిగిపోండి. మూడో మనిషి చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చి మెల్లిగా ఉండిపోవచ్చు. ఒకసారి సామాను దిగాక ఎవరూ మళ్ళీ ఎక్కించమనరు" అనేవాడు. ఈ మాట చెప్పీ చెప్పీ, ఎవరైనా ఎంతమంది అంటే ఒకటి తగ్గించడం ఆయన నాలికకి అలవాటైపోయింది.

ఆయన కాపురం ఒక పాత పెద్దింటి వెనక రెండు గదుల్లో. ముందు భాగంలో ఇంటావిడ ఉండేది, అందరూ పెద్దమ్మ అనేవారు. వెనక గదుల్లో తాళాలాయన, ఆయన భార్య, ఆయన తమ్ముడు. తమ్ముడికి యాభై దగ్గరపడ్డాయి, తల సగం నెరిసింది, కానీ బుద్ధి మాత్రం పలకా బలపం పట్టే వయసు దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో చిన్నోడనే పిలుస్తారు. తల్లి పోతూ పోతూ వాడి చెయ్యి తీసుకుని కొడుకు చేతిలో కాదు, కోడలి చేతిలో పెట్టింది. ఎవరి చేతిలో పెట్టాలో ఆ తల్లికి తెలుసు. వదిన వాడికి స్నానం చేయించింది, గడ్డం గీసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. పిల్లల్లేని మనిషి కదా అని లోకం అనుకుంది. ఉన్నా అంతే చేసేది.

చిన్నోడికి ఒక పని ఉంది. దాన్ని వాడు ఉద్యోగంలా చేసేవాడు. వీధి దీపాలు వెలిగే వేళకి గడప మీద నిలబడి ఇంటికి రావలసినవాళ్ళందరినీ పిలిచేవాడు. "అన్నా! వచ్చేయ్!" అని గొంతు చించుకుని అరిస్తే నాలుగు వీధులకి వినిపించేది. అన్న రావడానికి ఇంకా గంట ఉన్నా సరే పిలుస్తాడు. తర్వాత వంటింట్లోనే ఉన్న వదినని, తర్వాత ముందు గదిలో మంచం మీద ఉన్న పెద్దమ్మని, తర్వాత పక్కింటి కంసాలిని, ఎదురింటి పిల్లల్ని. "వచ్చేశాన్రా!" అని బదులు వచ్చేదాకా వదలడు. అందరూ వచ్చారని రూఢి చేసుకున్నాక వీధి తలుపులకి బయట గొళ్ళేలు పెట్టేసేవాడు. ఇంక ఎవరూ తప్పిపోకూడదని వాడి ఉద్దేశం. రెండుసార్లు పెద్దమ్మ లోపల చిక్కుకుపోయాక ఆవిడే వడ్రంగిని పిలిచి ఆ ఇంటికున్న బయటి గొళ్ళేలన్నీ ఊడదీయించింది. ఒక్క మాట అనలేదు. "నన్ను రోజూ ఇంటికి రమ్మని పిలిచేవాడు వాడొక్కడే" అనేది.

ఆ పెద్దమ్మ పోయింది. ఇల్లు ఆవిడ అన్నకొడుక్కి వచ్చింది. ఆయన మర్యాదస్తుడు. పడగొట్టి నాలుగంతస్తులు కట్టిస్తున్నాననీ, వానలు పడేలోగా చూసుకోమనీ నిలబడే చెప్పి వెళ్ళిపోయాడు.

తాళాలాయన నవ్వేశాడు. ఊళ్ళో సగం ఖాళీ ఇళ్ళ తాళాలు నడుముకి వేలాడుతున్న మనిషికి ఇల్లు దొరకదా? భార్యతో, "నీకు తూర్పు కిటికీ కావాలా, పడమర కిటికీ కావాలా, అది చెప్పు చాలు" అన్నాడు. ఆవిడ బియ్యం ఏరుతూ, "చిన్నోడిని ఒప్పుకునే ఇల్లు చూడండి. కిటికీ లేకపోయినా పర్లేదు" అంది.

ముందు చెప్పులు చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మేడ మీది వాటా ఖాళీగా ఉంది, తాళం ఈయన దగ్గరే ఉంది.

"అయ్యో, మీకు కాక ఇంకెవరికిస్తానండీ" అందావిడ. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. కప్పు ఖాళీ అయ్యాక, "కాకపోతే మా మేనల్లుడికి ఈ ఊరు బదిలీ అయిందండీ" అంది.

తాళాలాయన కప్పు కింద పెట్టడం మరిచిపోయాడు. "ఎక్కడ్నుంచండీ?" అన్నాడు.

"అదీ... వాడింకా చెప్పలేదు" అని ఆవిడ నీళ్ళు నమిలింది. పాపం, అక్కడిదాకా ఈయన నేర్పలేదు.

ఆ వారంలో ఇంకో ముగ్గురు మేనల్లుళ్ళకి బదిలీ అయింది. కుళాయి ఆయన ఒక్కడే కాస్త దాపరికం లేకుండా మాట్లాడాడు. "మీ గురించి కాదండీ. మీ తమ్ముడు అలా అరుస్తాడు, కిందవాళ్ళూ పైవాళ్ళూ నా మీద పడతారు. పైగా బయట గొళ్ళెం పెట్టేస్తాడటగా? రేపు ఏ నిప్పో అంటుకుంటే ఎవరిది పూచీ?" అన్నాడు.  తనే ఇల్లుగలవాడైతే తాళాలాయన కూడా అదే అడిగేవాడు. "పోనీ, ఆయన్ని ఎక్కడైనా చేర్పించండి. రేపే దిగిపోండి" అన్నాడు కుళాయి ఆయన.

"ఎక్కడైనా అంటే?"

"అలాంటివాళ్ళకి ఉంటాయిగా."

ఆ మాట ఇంట్లో చెబితే వదిన ఒంటికాలి మీద లేచింది. "మీకు బరువనిపిస్తే చెప్పండి. వాణ్ణి తీసుకుని నేనే ఎక్కడికైనా పోతాను" అంది. ఆవిడ అంత కటువుగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

వానలు దగ్గరపడుతున్నాయి. ముందు వాటా పైకప్పు పెంకులు అప్పుడే దించేస్తున్నారు. తాళాలాయన కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. తెలిసినవాళ్ళు తెలిసినందుకే మొహం చాటేశారు. చివరికి తనని ఎవరూ ఎరగని చోటు చూసుకుందామని కాలవ దాటి అవతలి పేటకి వెళ్ళాడు. వెళ్ళేముందు తాళాల రింగు విప్పి సంచీలో పడేశాడు.

అక్కడ కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే ఒకాయన మేడ మీద రెండు గదులు ఖాళీ అని బోర్డు పెట్టాడు. గాలీ వెలుతురూ ఉన్న గదులు. ఆయనా నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఎంతమందుంటారండీ?" అని అడిగాడు.

"ఇద్దరమండీ" అన్నాడు తాళాలాయన.

అనేశాక గాని తను ఏమన్నాడో చెవికెక్కలేదు. అనుకుని అన్న మాట కాదది. ఇన్నేళ్ళుగా ఎవరెవరి చేతనో అనిపించిన మాట తన నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. సర్దుకోవచ్చు. ముగ్గురమండీ, మా తమ్ముడు కూడా ఉంటాడని అప్పుడే అనొచ్చు. కానీ కళ్ళజోళ్ళాయన మొహం విచ్చుకుంది. "ఇద్దరేనా! మంచిది. ఆలోచించి చెబుతాను. అన్నట్టు మీ ఇల్లెక్కడ? నేనూ అటువైపు పని మీద వస్తుంటాను" అన్నాడు.  తాళాలాయన విద్య ఎప్పుడో కాలవ దాటేసింది. దాహం రాబోతోంది, ఏ రోజో తెలియదు.

"వాణ్ణి ఏ లెక్కలో తీసేశారు?" అంది భార్య. ఆయన చెప్పాల్సింది చెప్పాడు. దిగేదాకానే. దిగాక చుట్టపుచూపుగా వస్తాడు, మెల్లిగా ఉండిపోతాడు. అందరూ చేసేదే. అయితే ఆయన చూసిపోయేదాకా పగటిపూట చిన్నోడు ఈ ఇంట్లో కనపడకూడదు.

"మరెక్కడుంటాడు?"

తాళాలాయన సంచీలోంచి రింగు తీసి ఒక తాళంచెవి విడదీశాడు. సందు చివర ఒక ఖాళీ ఇల్లు. ఇంటివాళ్ళు వేరే ఊళ్ళో ఉంటారు. నీళ్ళున్నాయి, చాప వేస్తే సరి, అన్నం డబ్బా పెడితే సరి. ఆవిడ తనూ వెళ్ళి తోడుంటానంది. కానీ నీళ్ళివ్వడానికి ఇంట్లో మనిషుండాలి, ఈయన పనికి తిరక్కపోతే ఇల్లు గడవదు. వేరే దారుంటే చెప్పమన్నాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. లేదు.

చిన్నోడికి ఆ ఇల్లు తెగ నచ్చింది. లోపల ఎన్ని గొళ్ళేలో! అన్ని తలుపులకీ పైన ఒకటి, కింద ఒకటి. వేస్తూ తీస్తూ మురిసిపోయాడు. "ఇది దాగుడుమూతల్రా చిన్నోడా. ఎవరైనా తలుపు కొడితే పలక్కూడదు. నేనొచ్చేదాకా నువ్వు ఇక్కడ లేనట్టే" అని చెప్పి అన్న బయట తాళం వేశాడు. వాడు లోపల్నించి నవ్వడం వీధిలోకి వినిపించింది.

ఆ సాయంత్రం తాళాలాయనకి ఆలస్యమైంది. వీధి దీపాలు వెలిగాయి. ఆట వేరు, ఉద్యోగం వేరు. చిన్నోడు కిటికీ ఊచలు పట్టుకుని పిలవడం మొదలెట్టాడు. అన్నా వచ్చేయ్, వదినా వచ్చేయ్, పెద్దమ్మా వచ్చేయ్. ఎవరూ పలకలేదు. పలక్కపోయేసరికి వాడికి భయమేసింది, భయమేసేకొద్దీ అరుపు పెరిగింది. తాళాలాయన వచ్చేసరికి తాళం వేసున్న ఇంటి ముందు జనం. పక్కన కుట్టుమిషను పెట్టుకున్నాయన, "లోపలెవరో చచ్చేట్టు అరుస్తున్నారండీ, తాళం పగలగొట్టబోతున్నాం" అన్నాడు. రిపేరు పనివాడండీ, తెలియక తాళం వేశానని ఏదో చెప్పి అందర్నీ పంపించి ఆయన లోపలికెళ్ళాడు. చిన్నోడు "అన్నా, వచ్చేశావా!" అని పరిగెత్తుకొచ్చాడు. అన్న వాడి చెంప మీద ఒక్కటిచ్చాడు.

తల్లి కొట్టలేదు వాణ్ణి. వదిన కొట్టలేదు. ఇన్నేళ్ళలో ఆయనా కొట్టలేదు. వాడి భుజాలు పట్టుకుని కుదిపాడు. "అరిస్తే మనకి ఇల్లు లేదురా! అర్థమైందా? ఇక్కడ ఎవరూ లేరు. నువ్వు లేవు!"

చిన్నోడు ఏడవలేదు. చెంప తడుముకుంటూ అన్న మొహంలోకి చూశాడు. "నేను లేనా అన్నా?" అనడిగాడు.

"లేవు."

మర్నాటి నుంచి ఆ ఇంట్లోంచి చప్పుడు లేదు. తాళాలాయన పనిగట్టుకుని వీధి చివర నిలబడి విన్నాడు కూడా. దీపాలు వెలిగాయి, కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో, "మనం వాణ్ణి తక్కువ అంచనా వేశాం. ఎంత తొందరగా నేర్చుకున్నాడో" అని కాస్త గర్వంగానే చెప్పాడు. కొట్టిన సంగతి చెప్పలేదు. ఆవిడ, "ఇంటికొచ్చాక కూడా పిలవడం లేదు. అన్నం తింటావా అంటే నా చెయ్యి పట్టుకుని నోరు మూసుకోమంటున్నాడు" అంది. అలవాటు పడుతున్నాడులే అన్నాడాయన.

కళ్ళజోళ్ళాయన ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాడు. తాళాలాయన ఊళ్ళో తిరుగుతున్నాడు, ఆవిడొక్కతే ఉంది. "ఇటు పనుండి వచ్చానమ్మా, కాస్త మంచినీళ్ళిస్తావా?" అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి గ్లాసు కడిగి, తుడిచి, నీళ్ళు పోసి, కావాలనే కాస్త ఆలస్యం చేసి తెచ్చింది. ఎన్నాళ్ళుగా వింటోంది ఈ తంతు గురించి. ఆయన వంటగట్టు చూశాడు, గోడలు చూశాడు, అన్నీ అద్దంలా ఉన్నాయి. వెళ్ళబోతూ తలుపు మీద చెయ్యి వేశాడు.

"బయట గొళ్ళేలేవమ్మా? అన్నిటికీ మేకుల గుర్తులే ఉన్నాయి."

ఆవిడ ఆయన మొహం చూసింది. మంచి మనిషిలాగే ఉన్నాడు. చెబితే వింటాడేమో అనిపించింది. చెబితే, విని, కాదంటే? పైన ముందు వాటా దూలాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పాత ఇల్లు కదండీ, ఊడిపోయాయి" అంది.

"మీరిద్దరేనా?"

"ఇద్దరమేనండీ."

ఆయన వెళ్ళాక ఆవిడ అక్కడే గోడకి చేరబడి కూర్చుంది. అన్నం వండలేదు. సాయంత్రం భర్త వచ్చి, కళ్ళజోళ్ళాయన కబురు పంపాడు, ఇల్లు మనదే అని చెబితే, "మీరన్నారంటే వృత్తి. నేనెందుకన్నానండీ?" అని ఏడ్చింది. తల్లిలాంటి మనిషి తన నోటితో తనే వాణ్ణి లెక్కలోంచి తీసేసింది. ఆవిడని ఎవరూ కొట్టి చెప్పించలేదు.

వాన మొదలైన రోజునే సామాను బండెక్కింది. చిన్నోడు బండి మీద పరుపుచుట్ట పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. కొత్తింటి మేడ మెట్లు చప్పుడు కాకుండా ఎక్కి, వెనక గదిలో బీరువాకీ గోడకీ మధ్యనున్న సందులోకి వెళ్ళిపోయాడు. ఇంటిని తిరిగి చూడలేదు, తలుపులకి మెరిసే ఇత్తడి గొళ్ళేలుంటే ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. కింద కళ్ళజోళ్ళాయనకి తాళాలాయన ముందే అనుకున్న మాట చెప్పాడు, మా తమ్ముడండీ, సామాను సర్దడానికి సాయం వచ్చాడు, నాలుగు రోజులుంటాడని.

నాలుగు రోజులు వారమైంది, వారం నెలయింది. కళ్ళజోళ్ళాయన అడగలేదు. అడిగే అవసరం రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, చిన్నోడు బీరువా వెనక్కి వెళ్ళిపోయేవాడు. దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకునేవాడు. ఆకలేస్తే అడిగేవాడు కాదు. వదిన కంచం తెచ్చి పక్కన పెడితే, ఆవిడ వెళ్ళిపోయాక తినేవాడు.

సాయంత్రాలు ఆవిడ వాణ్ణి బతిమాలేది. "చిన్నోడా, దీపాలు వెలిగాయిరా. అన్నయ్య ఇంకా రాలేదు. పిలవవూ?" వాడు మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని చూసేవాడు. "పోనీ నన్ను పిలు. మెల్లిగా పిలు. నా చెవిలో పిలు." ఆవిడ చెవి వాడి నోటి దగ్గర పెట్టేది. వాడి ఊపిరి తప్ప ఏమీ వినిపించేది కాదు. ఒకరోజు విసుగొచ్చి, "ఒక్కసారి అరవరా! ఇల్లు పోతే పోయింది, అరిచెయ్!" అని తనే గట్టిగా అరిచింది. వాడు బెదిరిపోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు తాళాలాయన చెప్పాడు, ఆ రోజు తను కొట్టిన సంగతి. ఆవిడ ఆయన్ని తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంటూ ఆయన కూర్చున్నాడు.

ఎన్నాళ్ళు దాస్తారు. ఒక ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన మేడ మీదికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "మీ తమ్ముడు వచ్చి వెళ్ళడానికి కాదు, ఉండటానికే వచ్చాడని మా ఆవిడ అంటోంది. నిజమేనా?" అన్నాడు.

తాళాలాయనకి చెప్పడానికి ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాడికి బుద్ధి ఎదగలేదనీ, ఎక్కడా ఒప్పుకోకపోతే దాచామనీ, పొమ్మంటే పోతాం గాని కాస్త గడువిమ్మనీ.

"పొమ్మని ఎవరన్నారు?" అని కళ్ళజోళ్ళాయన నవ్వాడు. "ముందే చెప్పుంటే ఇచ్చేవాణ్ణి కాదేమో, అబద్ధమెందుకు. కానీ చూస్తూనే ఉన్నాంగా. అరుపుల్లేవు, అడుగుల చప్పుడు లేదు, గుమ్మంలో నిలబడటం లేదు. మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఇంతకంటే ఎవరికైనా కావలసిందేముంది? ఉండనివ్వండి." లేచి మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. "మీరు ఇళ్ళు కుదురుస్తారటగా, మొన్ననే తెలిసింది. కింద వెనక గది ఖాళీ అవుతోంది, ఎవరినైనా చూడండి. మీ తమ్ముడులాంటి మనిషైతే కళ్ళు మూసుకుని ఇచ్చేస్తాను."

"చూస్తానండీ" అన్నాడు తాళాలాయన.

ఆయన వెళ్ళిపోయాక తాళాలాయన వెనక గదిలోకి పరిగెత్తినట్టే వెళ్ళాడు. బీరువా పక్కన నేల మీద చతికిలబడ్డాడు. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"చిన్నోడా, ఇల్లాయన ఒప్పుకున్నాడురా. ఇంక దాక్కోనక్కర్లేదు. ఎన్నాళ్ళైనా ఇక్కడే ఉండొచ్చట."

"ఎవరు?" అన్నాడు చిన్నోడు గొంతు తగ్గించి.

"నువ్వేరా."

వాడు తల అడ్డంగా ఊపాడు. ఎంత బాగా ఆడుతున్నానో చూశావా అన్నట్టు అన్నవైపు ఆశగా చూశాడు. "నేను లేనుగా" అన్నాడు.

తాళాలాయన భోరుమన్నాడు. పెద్దమనిషి, వాకిలి దాకా వినిపించేలా ఏడ్చాడు. చిన్నోడు హడలిపోయి సందులోంచి బయటికొచ్చి, రెండు చేతులతో అన్న నోరు గట్టిగా మూసేశాడు.

"అరవకన్నా" అన్నాడు చెవిలో. "కొడతారు."